పాల వ్యాన్ సైకిల్‌ని గుద్దింది, ఆసుపత్రి చీటీలో ‘జారిపడ్డాడు’ అని రాశారు. కేసు నిలుస్తుందా?

లేతబోండం

అందరికీ నమస్కారమండి. కోనసీమ నుంచి అడుగుతున్నాను. సంగతి మా వీధిలో ఉండే కొబ్బరి ఒలుపు కార్మికుడిది. వయసు 46. ఆరు రోజుల కిందట తెల్లవారుజామున 5.45కి కాలవ గట్టు రోడ్డు మీద సైకిల్ తొక్కుకుంటూ పనికి వెళ్తుంటే పాల వ్యాన్ వెనక నుంచి గుద్దేసింది. ఇంకా తెల్లారలేదు. సార్వా కోతల రోజులు కదా, రోడ్డు ఎడమ సగంలో ధాన్యం రాశి పోసి, బరకం కప్పి, అంచుల్లో రాళ్లు పెట్టారు. అందుకని ఆయన కాస్త మధ్యకి జరిగి తొక్కుతున్నాడు. కుడి కాలు మోకాలి కింద రెండెముకలూ విరిగాయి, ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు. కుడి మణికట్టు వాచింది గానీ ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు.

వ్యాన్ డ్రైవరే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడ చీటీలో ‘సైకిల్ మీంచి జారిపడ్డాడు’ అని రాశారు. ఇంట్లోవాళ్లు నిన్ననే చూసుకున్నారు. పోలీసు కంప్లయింట్ ఇవ్వలేదు. వ్యాన్ యజమాని పెద్దమనుషుల ద్వారా 40 వేలు ఇస్తానంటున్నాడు, వంద రూపాయల స్టాంపు కాగితం మీద సంతకం పెట్టాలట. బండి నంబరు మా దగ్గర ఉంది. సైకిల్‌కి లైటు లేదు, క్యారియర్ మీద రెండు ఖాళీ గోనెసంచులు ఉన్నాయి. ఇప్పుడు కేసు పెడితే నిలుస్తుందా? లైటు లేకపోవడం, రోడ్డు మధ్యలో ఉండటం ఆయన తప్పవుతుందా?

ఓపీనంబరు

ఆరు రోజులకి కేసు చచ్చిపోదు. యాక్సిడెంట్ కేసుల్లో ఎఫ్ఐఆర్ ఆలస్యం అయినంత మాత్రాన క్లెయిమ్ కొట్టేయకూడదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాకపోతే ఆలస్యానికి కారణం కంప్లయింట్‌లోనే రాయాలి. ‘ఆపరేషన్ జరిగి ఆసుపత్రిలో ఉన్నందున, ఇంట్లో వేరే మగదిక్కు లేనందున’ లాంటిది ఏది నిజమైతే అది ఒక్క వాక్యం. అది లేకపోతే రెండేళ్ల తరవాత ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు ‘బండిని తరవాత తెచ్చి ఇరికించారు’ అంటాడు. ఆలస్యమైన ప్రతి కేసులోనూ వాళ్ల మొదటి మాట ఇదే.

కంప్లయింట్ ఎవరిచ్చినా చెల్లుతుంది. దెబ్బ తగిలినాయనే స్టేషన్‌కి రానక్కర్లేదు, భార్య ఇవ్వచ్చు, మీరూ ఇవ్వచ్చు. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి కాబట్టి పాత ఐపీసీలోని 279, 338 సెక్షన్లు రాయించకండి. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 281, 125(బి). ఎముక విరిగితే 116 ప్రకారం అది తీవ్ర గాయం. 125(బి)లో మూడేళ్ల వరకు జైలు లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. స్టేషన్‌లో ‘వాళ్లు వైద్యం చేయిస్తున్నారు కదా, కేసెందుకు’ అంటే వాదన పెట్టుకోవద్దు. అదే కాగితాన్ని రిజిస్టర్డ్ పోస్టులో అమలాపురంలోని జిల్లా ఎస్పీ ఆఫీసుకి పంపండి, నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చింది) 173(4) అందుకే ఉంది. రసీదు దాచుకోండి. ఎఫ్ఐఆర్ కట్టాక కాపీ ఉచితంగా ఇవ్వాలి.

కంప్లయింట్‌లో అసలు విషయం నాలుగైదు వాక్యాలకి మించక్కర్లేదు. ఇలా:

‘ఫలానా తేదీ ఉదయం సుమారు 5.45 గంటలకు నా భర్త ఫలానా లాకుల నుంచి ఫలానా ఊరి వైపు సైకిల్ మీద వెళ్తున్నాడు. రోడ్డుకి ఎడమవైపు ధాన్యం రాశి, దాని అంచున రాళ్లు ఉన్నందున రాశి పక్కగా వెళ్తుండగా, అదే దిశలో వెనక నుంచి వచ్చిన ఏపీ 39తో మొదలయ్యే ఫలానా నంబరు గల పాల వ్యాన్‌ని దాని డ్రైవరు అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి సైకిల్ వెనక చక్రాన్ని గుద్దాడు. నా భర్త కుడివైపు పడి కుడి కాలు, కుడి మణికట్టు దెబ్బతిన్నాయి. అదే డ్రైవరు అదే వ్యాన్‌లో ఆసుపత్రికి తీసుకెళ్లాడు.’

స్టేషన్ దగ్గర కంప్లయింట్లు రాసిపెట్టేవాళ్లు అలవాటు కొద్దీ ‘రోడ్డుకి ఎడమ వారగా వెళ్తుండగా’ అని పెట్టేస్తారు. మీ కేసులో అది అబద్ధం. ఎడమ వారన ధాన్యం ఉందని పోలీసుల సీన్ స్కెచ్‌లోనే కనపడుతుంది, అప్పుడు మిగతా మాటలూ అనుమానంలో పడతాయి. హారన్ కొట్టాడో లేదో తెలియకపోతే ఆ ప్రస్తావనే తేవద్దు. రాశి ఇంకా అక్కడ ఉంటే ఇవాళే ఫోటో తీయండి. రోడ్డు మొత్తం వెడల్పు, రాశి ఆక్రమించిన వెడల్పు టేపుతో కొలిచి రాసుకోండి. గట్టు రోడ్లు చాలామటుకు సింగిల్ లేనే, 3.75 మీటర్లకి మించవు. అందులో సగం ధాన్యం ఉంటే సైకిలూ వ్యానూ పక్కపక్కన పట్టవు. అలాంటిచోట వెనకవాడు ఆగాలి గానీ దూరకూడదు. ఈ కొలత రేపు కోర్టులో పది మాటల పెట్టు.

ఇక చిక్కంతా ఆసుపత్రి చీటీలోనే ఉంది. క్యాజువాలిటీలో డాక్టరు తనకి ఎవరు ఏం చెప్తే అదే రాస్తాడు. తెచ్చింది డ్రైవరు కాబట్టి ‘జారిపడ్డాడు’ అయింది. ఆ చీటీని దిద్దమని అడగొద్దు. దిద్దుడు మరకలున్న చీటీ కన్నా తప్పు చీటీయే నయం. డ్యూటీ మెడికల్ ఆఫీసర్ పేరున ఒక అర్జీ ఇవ్వండి: పేషెంటు స్పృహలో ఉండి చెప్తున్నది ఇది, మొదట చెప్పినది తెచ్చిన వ్యక్తి మాట, దీన్ని కేస్ షీట్‌లో చేర్చి పోలీసులకి ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) సమాచారం పంపగలరు అని. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర వేయించుకోండి. యాక్సిడెంట్ రిజిస్టర్‌లో ‘తీసుకొచ్చినవారు’ అనే చోట డ్రైవరు పేరో ఫోనో ఉంటే అది మీకే పనికొస్తుంది, ఆ సమయానికి ఆ మనిషి అక్కడ ఉన్నాడని వాళ్ల చేతే రాయించినట్టు. ‘దారిన పోతూ దయ తలచి తెచ్చాను’ అని అతను అనొచ్చు. అందుకే సైకిల్‌నీ వ్యాన్‌నీ భద్రంగా ఉంచడం ముఖ్యం.

గుద్దినవాడు దెబ్బ తగిలిన మనిషిని ఆసుపత్రికి చేర్చడం మోటారు వాహనాల చట్టం 134 ప్రకారం అతని బాధ్యతే, ఉపకారం కాదు. 24 గంటల్లోపు పోలీసులకి చెప్పడం కూడా అందులో ఉంది. అది చేయలేదుగా.

40 వేల కాగితం మీద సంతకం పెట్టొద్దు. చికిత్సకి డబ్బిస్తే తీసుకోండి, రసీదులో ‘చికిత్స ఖర్చుల నిమిత్తం’ అని మాత్రమే రాయండి. ‘ఇకపై ఎలాంటి క్లెయిమ్ ఉండదు’, ‘తప్పు నాదే’ అనే మాటలు ఎక్కడున్నా ఆ కాగితం వెనక్కి ఇచ్చేయండి. పెద్దమనుషులకి కోపం వస్తుంది, రానివ్వండి.

ప్లేటూస్క్రూ

కేసు సంగతి పైన వివరంగా చెప్పారు. నాకు మణికట్టు గురించి భయంగా ఉందండి.

చేయి చాచి పడ్డప్పుడు బొటనవేలి మొదట్లో ఉండే చిన్న ఎముక, స్కాఫాయిడ్, విరుగుతుంది. మొదటి రోజు ఎక్స్‌రేలో అది చాలాసార్లు కనపడదు. పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. బొటనవేలు పైకి చాపమనండి, దాని మొదట్లో రెండు నరాల్లాంటి తాళ్ల మధ్య గుంట పడుతుంది. ఆ గుంటలో వేలితో నొక్కితే ప్రాణం లాగేసినంత నొప్పి ఉందంటే, ఎక్స్‌రే ఏం చెప్పినా సరే బొటనవేలితో సహా కట్టు వేయించి, 10 నుంచి 14 రోజుల మధ్య మళ్లీ ఎక్స్‌రే తీయించాలి. అప్పటికీ తేలకపోతే సీటీ గానీ ఎంఆర్ఐ గానీ. ఆ ఎముకకి రక్తం వేళ్ల వైపు నుంచి ముంజేతి వైపుకి, అంటే వెనక్కి, వస్తుంది కాబట్టి వదిలేస్తే అతకకపోవచ్చు, ఏడాది తరవాత మణికట్టు పట్టేస్తుంది. గునపం మీద కాయని గుచ్చి మెలితిప్పే మనిషికి కాలు కన్నా ఈ మణికట్టే జీవనాధారం. మణికట్టు నొప్పి, వాపు అని ఇవాళే కేస్ షీట్‌లో రాయించండి. మూడు నెలల తరవాత బయటపడితే ఇది ఆ యాక్సిడెంట్‌ది కాదంటారు.

కాలు రాడ్ గురించి. పిక్క బిగుసుకుపోయి, ఒక్క కాలే వాచి, నొక్కితే నొప్పి ఉంటే రక్తం గడ్డ కట్టిందేమో చూపించాలి. ఆయాసం, గుండెల్లో నొప్పి ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు. కుట్ల దగ్గర చీము, జ్వరం ఉన్నా అంతే. చుట్ట అలవాటుంటే ఆరు నెలలు మానిపించండి, పొగ ఎముక అతకడాన్ని నిజంగానే ఆలస్యం చేస్తుంది. మోకాలి కింద రెండెముకలు అతకడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు నెలలు. ఆ మధ్యలో ఎవరో చెప్పారని నాటు కట్టుకి తీసుకెళ్లకండి. లోపల రాడ్ ఉన్న కాలికి పైన పసరు కట్టు బిగిస్తే చర్మం కుళ్లుతుంది. పైగా అక్కడ బిల్లూ ఉండదు, కేస్ షీటూ ఉండదు.

డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోట్సు, రాడ్‌కి వచ్చే స్టిక్కరు, ఎక్స్‌రే ఫిల్ములు అన్నీ అసలువే దాచండి. ఫోన్లో ఫోటో తీసిన ఎక్స్‌రే వైద్యానికి పనికొస్తుంది గానీ సాక్ష్యంగా బలం చాలదు. వైద్యసేవ కార్డు మీద ఉచితంగా ఆపరేషన్ జరిగినా ఈ కాగితాలన్నీ అడిగి తీసుకోవాలి. రాడ్ తీయడానికి మళ్లీ ఆపరేషన్ కావాల్సి వస్తే ఎంతవుతుందో డాక్టరు దగ్గర లెటర్‌హెడ్ మీద అంచనా రాయించుకోండి. అది భవిష్యత్ ఖర్చు కింద వస్తుంది.

ఇది వేరేవాళ్ల కోసం: సైకిల్ మీంచి పడ్డ పిల్లల్లో హ్యాండిల్ చివర పొట్టలో గుచ్చుకుంటే పైకి గుండ్రటి నీలి మచ్చ తప్ప ఏమీ కనపడకపోవచ్చు. లోపల కాలేయమో ప్లీహమో క్లోమమో చిట్లి, గంటల తరవాతే కడుపు నొప్పి, వాంతులు మొదలవుతాయి. ఆ గుండ్రటి మచ్చ ఉంటే స్కానింగ్ తప్పనిసరి. తలకి దెబ్బ తగిలి ఇంటికి పంపించేశాక మళ్లీ మళ్లీ వాంతులు, మత్తు, చెవిలోంచి నీరో రక్తమో వచ్చినా వెనక్కి తీసుకెళ్లాలి. ఆపరేషన్ పడేలా ఉన్న మనిషికి ‘కంగారు పడ్డాడు’ అని సోడా, టీ పట్టకండి.

రిమ్ముబెండు

ఆయ్, సైకిల్ ఎక్కడుందండీ ఇప్పుడు? బాగుచేయించేశారా? బాగుచేయించకపోతే అలాగే ఉంచండి, కడగొద్దు, గాలి కూడా కొట్టొద్దు.

వెనక నుంచి గుద్దిందా, తనే జారిపడ్డాడా అన్నది సైకిలే చెప్పేస్తుందండి. జారిపడితే కుడి పెడల్, కుడి హ్యాండిల్ గ్రిప్పు, సీటు కుడి అంచు గీరుకుపోతాయి, అంతే. చక్రాలు గుండ్రంగానే ఉంటాయి. వెనక నుంచి బండి తగిలితే వెనక రిమ్ము అప్పడంలా మడుస్తుంది, వెనక మడ్‌గార్డ్ ముందుకి నొక్కుకుని టైరుకి ఒరుసుకుంటుంది, క్యారియర్ కాళ్లు సీటు వైపుకి వంగుతాయి. సీటు కింద నుంచి వెనక ఇరుసుకి దిగే రెండు సన్నటి గొట్టాలు ఉంటాయి కదా, అవి వంకర తిరుగుతాయి. ముందు ఫోర్కు మాత్రం చెక్కుచెదరదు. అదే సైకిలే ఎదురుగా వెళ్లి దేన్నైనా గుద్దుకుంటే ఫోర్కు వెనక్కి వంగి ముందు చక్రం ఫ్రేమ్ కింది గొట్టానికి ఆనుకుంటుంది. ఈ తేడా తెలిసినవాడు చూస్తే రెండు నిమిషాల పని.

ఫోటోలు ఇలా తీయండి: సైకిల్‌ని స్టాండు మీద నిలబెట్టి వెనక నుంచి, రెండు పక్కల నుంచి, పై నుంచి. తరవాత వంగిన ప్రతి చోటా దగ్గరగా, పక్కన స్కేలు పెట్టి. నేల నుంచి క్యారియర్ ఎంత ఎత్తు, నొక్కుడు పడ్డ చోటు ఎంత ఎత్తు రాసుకోండి. వ్యాన్ బంపర్ మీద గీత పడ్డ ఎత్తు దానికి సరిపోవాలి. రంగు అంటుకుని ఉంటే అది బంగారం అనుకోండి. వ్యాన్ వాళ్లు ఈపాటికి బంపర్ మార్చేసి ఉండొచ్చు, అందుకే కేసు త్వరగా కట్టించి మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ చేత బండి చూపించాలి.

లైటు సంగతి కూడా చెప్పేస్తానండి. 28 అంగుళాల టైరు సైకిళ్లకి వెనక మడ్‌గార్డ్ మీద ఎర్ర రిఫ్లెక్టరు ఉంటుంది. క్యారియర్ మీద సంచులు వేస్తే అవి వెనక్కి వేలాడి సరిగ్గా దాన్నే కప్పేస్తాయి. మన డెల్టాలో పాలక్యాన్లు, గోనెలు, గడ్డిమోపులు మోసే సైకిళ్లన్నిటికీ ఇదే జబ్బు. రిఫ్లెక్టరుని మడ్‌గార్డ్ కింది చివరకి, ఇరుసు ఎత్తుకి దించేయాలి. మడ్‌గార్డ్ చివర ఎర్ర మెరుపు టేపు ఒక జానెడు, పెడళ్లకి రెండు పక్కలా పసుపు ముక్కలు. పెడల్ పైకీ కిందకీ ఆడుతుంటుంది కాబట్టి డ్రైవరు కంట్లో అదే ముందు పడుతుంది. వెనక ఎర్ర బ్లింకర్ పెడితే క్యారియర్ మీద కాదు, కుడి పక్క ఇరుసు దగ్గర గొట్టానికి.

పాలసీనకలు

లైటు, రోడ్డు మధ్య, సంచులు. ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్లు ఈ మూడూ వాడతారు, నిక్కచ్చిగా వాడతారు. దీన్ని పాక్షిక నిర్లక్ష్యం అంటారు. ట్రిబ్యునల్ (యాక్సిడెంట్ పరిహారం తేల్చే కోర్టు) ఒప్పుకుంటే పరిహారంలో ఆ మేరకి కోత పడుతుంది, మొత్తం పోదు. ఇక్కడ చూడాల్సింది ఒక్కటే, ఆ లోపం వల్లే యాక్సిడెంట్ జరిగిందా? మోటారు సైకిల్ మీద ముగ్గురు ఎక్కిన కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. రూలు తప్పినంత మాత్రాన నిర్లక్ష్యం కాదు, ప్రమాదానికీ ఆ తప్పుకీ సంబంధం చూపించాలి. వ్యాన్‌కి హెడ్‌లైట్లు ఉన్నాయి. ఎదురుగా సగం రోడ్డు బరకం కప్పిన రాశి ఉంది. అది కనపడినవాడికి పక్కనున్న మనిషి కనపడలేదా అని అడగాలి. సైకిల్‌కి హెల్మెట్ తప్పనిసరి అనే చట్టం లేదు కాబట్టి ఆ వాదన వస్తే పట్టించుకోకండి. రోడ్డు మీద ధాన్యం పోసి అడ్డం పెట్టడం కూడా నేరమే, న్యాయ సంహిత 285 కింద 5 వేల వరకు జరిమానా. రైతు మీద కేసు పెట్టమని కాదు, తప్పు ఎక్కడెక్కడ ఉందో తెలియడానికి చెప్తున్నాను.

ఇక డబ్బు. 40 వేలు ఎంత తక్కువో లెక్క కట్టి చూపిస్తాను. ఆదాయానికి కాగితం లేకపోతే ట్రిబ్యునల్ ఒక ఊహా ఆదాయం తీసుకుంటుంది. లెక్క కోసం నెలకి 12 వేలు అనుకుందాం. 40 నుంచి 50 ఏళ్ల మధ్య స్వయం ఉపాధికి భవిష్యత్ పెరుగుదల కింద 25 శాతం కలుపుతారు, 15 వేలు అయింది. ఏడాదికి 1,80,000. 46 నుంచి 50 ఏళ్ల వయసుకి గుణకం 13. గుణిస్తే 23,40,000. దీన్ని వైకల్య శాతంతో గుణించాలి. 10 శాతం అయితే 2,34,000, 15 శాతం అయితే 3,51,000, 30 శాతం అయితే 7,02,000. దీనికి బయట మందులు, ఆరు నెలల పని నష్టం, తోడున్న మనిషి ఖర్చు, ప్రయాణాలు, బాధకి వేరే.

కాబట్టి గొడవంతా శాతం మీదే జరుగుతుంది. డాక్టరు సర్టిఫికెట్‌లో ‘కుడి కాలికి 30 శాతం’ అని ఉంటే అది ఒంటి మొత్తానికి 30 శాతం కాదు, కంపెనీ దాన్ని 10కో 12కో దించుతుంది. 2010 నాటి సుప్రీంకోర్టు రాజ్‌కుమార్ తీర్పు ప్రకారం చూడాల్సింది ఆ మనిషి చేసే పనికి ఎంత నష్టం అని. గుమాస్తాకి 10 శాతం అయ్యేది, రోజంతా నిలబడి ఒలిచే మనిషికి 30 కావచ్చు. అందుకని ఒలుపు పని ఏమిటో, ఎన్ని గంటలు నిలబడతారో, కాయకి ఎంత కూలీ ఇచ్చేవారో చెప్పడానికి కొబ్బరి కొట్టు యజమానిని సాక్షిగా పెట్టండి. కొట్టులో కూలీ లెక్క పుస్తకం ఉంటే ఆ పేజీలు జిరాక్స్. ఆయన ఉత్తి సర్టిఫికెట్ రాసిచ్చి కోర్టుకి రానంటే దానికి విలువ లేదు.

ఒక మెలిక చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 166 సెక్షన్ కింద క్లెయిమ్ యాక్సిడెంట్ జరిగిన 6 నెలల్లోపు వేయాలి. పైన చెప్పినట్టు ఎముక అతికేసరికే ఆరు నెలలు. వైకల్యం తేలాక వేద్దాం అని కూర్చుంటే గడువు దాటుతుంది. ముందు పిటిషన్ వేసేయండి, వైకల్య సర్టిఫికెట్ తరవాత దాఖలు చేయొచ్చు. యాక్సిడెంట్ జరిగిన చోటే వేయాలని లేదు, బాధితుడు ఉండే చోట కూడా వేయొచ్చు. మీకు అమలాపురం కోర్టే సరిపోతుంది.

ఇప్పుడే ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో స్క్రీన్‌షాట్ తీయండి, తేదీ కనపడేలా. ఇన్సూరెన్స్ లేని బండి అయితే పూచీకత్తు కట్టకుండా విడుదల చేయకూడదు, ఆ సంగతి ముందే లాయరుకి చెప్పండి. ఇంకొకటి. ఈ కేసుల్లో డ్రైవర్ని మార్చేయడం మామూలు. లైసెన్సు లేని కుర్రాడు గుద్దితే లైసెన్సున్న మామయ్య స్టేషన్‌లో లొంగిపోతాడు. మీకు లాభమే కదా అనిపిస్తుంది, కాదు. రేపు ఆసుపత్రి రిజిస్టర్‌లో ఒక పేరు, చార్జిషీట్‌లో ఇంకో పేరు ఉంటే మొత్తం కథే అనుమానంలో పడుతుంది. లైసెన్సు లేకపోయినా సాధారణంగా కంపెనీ మీకు కట్టి యజమాని దగ్గర వసూలు చేసుకోమంటారు. కాబట్టి నిజమైన డ్రైవరు పేరే రాయించండి.

యానాంరేవు

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. బండి నంబరు తెలియకపోతే ఏంటి పరిస్థితి? ఇంకోటి, యాక్సిడెంట్ యానాంలో జరిగి మనిషిది ఇటు ముమ్మిడివరం వైపు అయితే?

ఓపీనంబరు

యానాం పుదుచ్చేరి కింద కాబట్టి దర్యాప్తు అక్కడి పోలీసులదే. అయినా కంప్లయింట్ మీ దగ్గరి ఏపీ స్టేషన్‌లోనే ఇవ్వచ్చు, జీరో ఎఫ్ఐఆర్ (తమ పరిధి కాకపోయినా కట్టేది) కట్టి వాళ్లే పంపాలి. క్లెయిమ్ మాత్రం మనిషి ఉండే చోటి కోర్టులో వేసుకోవచ్చని పైన చెప్పారుగా, యానాం చుట్టూ తిరగక్కర్లేదు.

నంబరు తెలియకపోతే హిట్ అండ్ రన్ స్కీమ్. 2022 ఏప్రిల్ 1 నుంచి తీవ్ర గాయానికి 50 వేలు, మరణానికి 2 లక్షలు. అర్జీ కోర్టులో కాదు, రెవెన్యూ వాళ్ల దగ్గర. ఎఫ్ఐఆర్, ఆసుపత్రి కాగితాలు, బ్యాంకు పుస్తకం జతచేయాలి. తరవాత బండి దొరికి పూర్తి పరిహారం వస్తే ఇది తిరిగి కట్టాలి. కానీ అంతదాకా వెళ్లకముందు సీసీ కెమెరాలు వెతకండి. రైసు మిల్లులు, ఐసు ఫ్యాక్టరీలు, పెట్రోలు బంకులు, రొయ్యల షెడ్లు, 216 హైవే మీద అయితే హోటళ్లు కూడా. చాలా కెమెరాల్లో రికార్డింగు కొద్దిరోజులకే చెరిగిపోతుంది. పోలీసుల కోసం ఆగకుండా ముందు మీరే వెళ్లి ఫుటేజీ చెరపొద్దని యజమానికి ఒక కాగితం ఇచ్చి రండి.

లేతబోండం

చాలా థాంక్సండి అందరికీ. సైకిల్ ఇంకా మెకానిక్ దగ్గరే ఉంది, పాత ఇనుము కింద వేసేద్దామనుకున్నారట, ఆపించాను. చూస్తే ఫోర్కు బాగానే ఉంది, వెనక రిమ్ము మాత్రం మడిచిన అప్పడమే. గుంటలో నొక్కితే నొప్పి ఉందంటున్నాడు, రేపు తీసుకెళ్తున్నాం.

రెండు చిన్న ప్రశ్నలు. ఆ వ్యాన్ బొలెరో పికప్ రకం, డ్రైవరుది మామూలు కారు లైసెన్సు అని తెలిసింది. ఇబ్బందా? లాయరు ఫీజుకి వీళ్ల దగ్గర డబ్బు లేదు.

పాలసీనకలు

ఇబ్బంది లేదు. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న రవాణా బండిని మామూలు ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. ఆర్సీలో బరువు చూసుకోండి చాలు.

కంపెనీ వాళ్లు ముందుగానే ఒక మొత్తం ఇస్తామని ప్రతిపాదిస్తే ఏ సెక్షన్ కింద ఇస్తున్నారో అడగండి. మోటారు వాహనాల చట్టం 164 కింద తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, తప్పు ఎవరిదో నిరూపించక్కర్లేకుండా వస్తుంది. కానీ అది తీసుకుంటే 166 పిటిషన్ అక్కడితో ఆగిపోతుంది. పైన చూపించిన మూడు అంకెలూ పక్కన పెట్టుకుని, మణికట్టు ఎక్స్‌రే వచ్చాక నిర్ణయించుకోండి.

ఓపీనంబరు

ఫీజు గురించి: కోర్టు ఆవరణలోనే మండల న్యాయ సేవా సంస్థ ఉంటుంది, ఫోన్ 15100. ఎస్సీ, ఎస్టీలకీ, ఆడవాళ్లకీ, వికలాంగులకీ ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయర్ని ఇస్తారు, మిగతావాళ్లకి ఆదాయ పరిమితి ఉంటుంది. బయటి లాయర్ని పెట్టుకుంటే వచ్చినదాంట్లో ఎంత శాతం అని ముందే తేల్చుకోండి. ఖాళీ వకాల్తా మీద, ఖాళీ చెక్కుల మీద సంతకాలు వద్దు. పరిహారం నేరుగా ఆయన బ్యాంకు ఖాతాకే జమ కావాలని అడగండి.

ఎఫ్ఐఆర్ అయ్యాక ఎస్సైగారిని మొదటి యాక్సిడెంట్ రిపోర్టు గురించి అడగండి. 2022 నుంచి అమల్లో ఉన్న కేంద్ర రూల్స్ ప్రకారం సమాచారం అందిన 48 గంటల్లో అది ట్రిబ్యునల్‌కీ ఇన్సూరెన్స్ కంపెనీకీ వెళ్లాలి, 90 రోజుల్లో వివరమైన రిపోర్టు. బాధితుడు నింపాల్సిన ఫారం 6 కూడా ఉంటుంది, వాళ్లు ఇవ్వకపోతే మీరే అడిగి నింపి ఇవ్వండి. అందులో గాయాల దగ్గర మణికట్టు సంగతి రాయకుండా వదలకండి.